వయొలిన్ ఒంటరిగా పలికే చోటు

ఆ టైలరుకి ఒక వయొలిన్ పాటంటే ప్రాణం. అందులో చివర్లో వయొలిన్ తీగ ఒంటరిగా, సన్నగా సాగే చోటు కోసం ఎన్నాళ్ళుగానో రేడియో దగ్గర కాచుకుని ఉన్నాడు. ఈ ఆదివారం ఎట్టకేలకు ఆ పాట మొదలైంది. మిషను ఆపి కళ్ళు మూసుకున్నాడు.

పక్కనే అల్లుడు. అతనికీ సంగీతం ఇష్టమే కానీ, నోరు ఊరుకోదు.

"మామయ్యా, ఇప్పుడు పియానో కలుస్తుంది చూడండి."

"వింటున్నా బాబూ."

"అసలు మజా చివర్లో ఉంది, అక్కడేమో..."

"నీకు దణ్ణం పెడతానయ్యా, నోరు మూసుకో! లేకపోతే కుట్టేస్తాను!"

కూతురి పెళ్ళినాటి నుంచీ దిగమింగుకున్న విసుగంతా గొంతు చించుకుని కక్కేశాడు. అల్లుడి మొహం చిన్నబోయింది. కూతురు పరుగున వచ్చింది.

"ఏమైంది నాన్నా?"

రేడియోలో అప్పటికే వాతావరణ వార్తలు వస్తున్నాయి.

"అయిపోయింది," అన్నాడాయన, ఇంక ఎవరి మీద కోప్పడాలో తోచక.