బల్లల మోతలో పుట్టిన పాట

పంతొమ్మిది వందల తొంభై ఆరు నాటి మాట. మహారాష్ట్రలోని భివండిలో ధామన్కర్ నాకా దాటి నిజాంపురా వైపు వెళ్తుంటే ఒక సందులో ఎనిమిది సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా ఉండేది. దాని గోడకు ఆనుకొనే గట్టయ్య ఇల్లు. ఇల్లంటే ఒకటే అర్ర. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకొని అతని భార్య ఐలవ్వ కార్ఖానా గడపలో నిలబడి పెదవులు కదిపింది. సాంచా ముందున్న గట్టయ్య తల ఊపి, తానూ పెదవులే కదిపాడు. ఇద్దరి నోటా చప్పుడు లేదు. చూసినవాళ్లు మూగవాళ్ల కాపురం అనుకుంటారు. కానే కాదు. ఆ మోతలో గొంతు చించుకున్నా వినపడదు గనుక, సాంచాల దగ్గర బతికేవాళ్లు పెదవులు చూసి మాట తెలుసుకోవడం నేర్చుకున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చట చాటున ఏం పోతున్నదో మాత్రం ఎవరికీ పట్టలేదు.

పోతున్నది గట్టయ్య చెవి. ఇరవై ఏళ్లుగా కొంచెం కొంచెంగా పోతూనే ఉంది. అంతకంటే అన్యాయం, ఏడో తరగతి చదివే అతని కూతురు వనిత గొంతు కూడా పోతున్నది. ఆ గోడ పక్కనే పుట్టి పెరిగిన పిల్లకు మాటంటే పెదవుల కదలికే. శుక్రవారం సాంచాలు బంద్ ఉన్నప్పుడు కూడా ఆ అలవాటు పోయేది కాదు. ఇంట్లో అందరికీ అర్థమవుతుంది గనుక ఎవరూ అడగలేదు.

బడిలో అలా నడవదు కదా. వలస వచ్చిన నేతవాళ్ల పిల్లలు చదివే ఆ తెలుగు బడిలో పాఠం వచ్చిందా రాలేదా అనడానికి ఒకటే కొలత. లేచి నిలబడి గట్టిగా అప్పజెప్పాలి. వనిత లేచేది, పెదవులు కదిపేది, కూర్చునేది. మొదట నోట్లో నాలుక లేని పిల్ల అన్నారు. తర్వాత మొద్దు అన్నారు. కాగితం మీద బాగా రాస్తే, పక్క పిల్లది చూసి రాసిందన్నారు. చదువుకున్నవాళ్ల తెలివి ఇట్లా ఏడిసింది.

చివరికి హెడ్మాస్టరు పర్శరాములు గట్టయ్యను పిలిపించాడు.

"పిల్ల నోరు తెరుస్తలేదు గట్టయ్యా. గిట్లయితే ఎనిమిదిల కూసోబెట్టలేను. ఇంకో ఏడు ఇదే క్లాసు."

గట్టయ్య చెవి ముందుకు పెట్టి ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు.

"రాని చదువు కొట్టి చెప్పిస్తమా సార్? పేరు తీసెయ్యుండ్రి. వాళ్లవ్వతోని దారం కండెలు చుట్టుకుంటది."

"అయితే శనివారం వచ్చి దాఖలా తీస్కపో."

బడి మానేటప్పుడు ఇచ్చే కాగితాన్ని అక్కడ దాఖలా అంటారు. అది చేతికొచ్చిన ఆడపిల్ల మళ్లీ బడి గడప తొక్కడం ఆ సందులో ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి గట్టయ్య చెప్పింది ఐలవ్వ విని, "నా లెక్కనే దాని బతుకు గూడ కండెలల్లనే తెల్లారాలెనా?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ వారమే సిద్ధిరాములు అనే కొత్త పంతులు ఏడో తరగతికి భూగోళం చెప్పడానికి వచ్చాడు. పత్తి పాఠం. తరగతి తరగతంతా ఆవలిస్తున్నది. ఆయన పుస్తకం మూసి బల్ల మీద పడేశాడు.

"ఈ పాఠం మీద పాట కట్టుండ్రి. పుస్తకంల మాట ఒక్కటి గూడ వద్దు. మీరు కండ్లతోని చూసిందే కట్టాలె."

"వాయించెటందుకు ఏం లేదు కద సార్," అన్నాడు ముందు బల్ల మీది రితేష్.

"సాంచ ఎట్ల మోగుతది? గట్ల బల్లలు కొట్టుండ్రి."

పిల్లలకు అంతకంటే ఏం కావాలి? తరగతి దద్దరిల్లిపోయింది. ఆ మోతలో ఇంట్లో ఉన్నట్టే అనిపించిందేమో, వనిత నిటారుగా కూర్చుంది. పెదవులు కదలడం మొదలైంది. సిద్ధిరాములు తండ్రి కూడా సాంచాలు నడిపినవాడే. పెదవులు చదవడం ఆయనకు కొత్త కాదు. రెండు పంక్తులు చదివి అలాగే నిలబడిపోయాడు. పిల్ల గొణగడం లేదు, పాట కడుతున్నది. ఆయన ఎదురుగా వెళ్లి, చప్పుడు లేకుండా పెదవులతోనే, "గొంతు గూడ కలుపు బిడ్డా" అన్నాడు. బడిలో ఆమెతో అలా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజు గొంతు రాలేదు. మర్నాడు మళ్లీ బల్లలు మోగితే ఉత్త గాలి వచ్చింది. నాలుగో రోజు జీరగా, తడబడుతూ మాట వచ్చింది.

శనివారం గట్టయ్య పని మానుకొని దాఖలా కోసం వచ్చాడు. ఏడో తరగతి కిటికీ దగ్గర అతని కాళ్లు ఆగాయి. బల్లలు మోగుతున్నాయి. మధ్యలో కూతురు నిలబడి ఉంది. అలవాటు కొద్దీ ఆమె పెదవులు చదివాడు.

నల్లరేగడిల పుట్టిన పత్తి
మా అవ్వ కండెల దారమాయె
దారమంత సాంచలకెక్కి
తాన్లకొద్ది గుడ్డలాయె
గుడ్డ కాశేలి ఊరి గోదాము జేరి
లారీలెక్కి లోకం దిరిగె
లోకమంత కప్పే బట్ట నేసిన
మా బాపుకు రెండే అంగీలాయె

గట్టయ్య ఒంటి మీది అంగీ చూసుకున్నాడు. భుజం దగ్గర ఐలవ్వ వేసిన మాసిక ఉంది. సిగ్గనిపించలేదు. తన కష్టాన్ని ఇంత దగ్గరగా చూసిన మనిషి తన ఇంట్లోనే ఉందని తెలిసి కడుపు నిండినట్టయింది. సిద్ధిరాములు చెయ్యి ఎత్తగానే బల్లలు ఆగాయి. ఆఖరి పంక్తిని వనిత ఒక్కతే మళ్లీ పాడింది. ఆ నిశ్శబ్దంలో సన్నని గొంతు గట్టయ్య చెవికి అందింది. అతను కళ్లు మూసుకొని విన్నాడు. కిటికీ చువ్వలు పట్టుకొని ఏడ్చేశాడు.

చప్పుడేమిటో చూడ్డానికి వచ్చిన పర్శరాములు కూడా వెనకే నిలబడి ఉన్నాడు. చేతిలో రాసి పెట్టిన దాఖలా.

"చింపెయ్యుండ్రి సార్," అన్నాడు గట్టయ్య. "నా బిడ్డ గొంతు ఎట్లుంటదో నాకు ఇయ్యాల్నే ఎరుకైంది. దాన్ని మొద్దన్నోళ్లల్ల నేను గూడ ఉన్న."

పర్శరాములు చెడ్డవాడేం కాదు పాపం. అప్పజెప్పిందే చదువని ఆయనకూ చిన్నప్పుడు బెత్తంతోనే నేర్పారు. కళ్లద్దాలు తుడుచుకొని కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"ఎనిమిదిల కూసుంటది," అని, సిద్ధిరాములు వైపు తిరిగాడు. "ఏం మాయ జేసినవయ్యా?"

"నేనేం జెయ్యలే సార్. ఇన్నొద్దులు మన మాటలు పిల్లలతోని చెప్పించుకున్నం. ఈ వారం వాళ్ల మాటలు వాళ్లను కట్టుమన్న. పిల్లలకు పాట కట్టుకునే సందిస్తె, చదువు దానంతటదే వాళ్ల నోటికొస్తది."