వంతెనకు అడ్డంగా వ్యాను

వంతెనలు కొలిచే ఆ అక్కకు పదకొండు నెలలుగా ఇల్లూ వాకిలీ అన్నీ ఒక పాత వ్యానే. తోలేది సొంత తమ్ముడు. ఒకప్పుడు గాలితో పందెం వేసిన మనిషి, వెనకాల డెస్క్‌టాప్ కంప్యూటర్ ఎక్కినప్పటి నుంచి ప్రతి గుంతకూ దండం పెట్టి మరీ బండి దింపుతున్నాడు. తోటి డ్రైవర్లు వాడికి ‘నత్త’ అని పేరు పెట్టారు.

"ఇంత బరువెందుకే? లాప్‌టాప్ చాలదా?" అని మొదట్లో సణిగాడు.

చాలదు. వేల ఫొటోలను అతికించి వంతెనను తెర మీద నిలబెట్టడం చిన్నదాని వల్ల అయ్యే పని కాదు. అందుకే కంప్యూటర్ కింద మందపాటి స్పాంజి, చుట్టూ రెండు బెల్టులు, గాలి కన్నాలకు దుమ్ము చొరకుండా పల్చటి గుడ్డ. బండి కదిలే ముందు అక్క హార్డ్ డిస్క్ ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకునేది.

ఆ నది ఒడ్డున బండి ఆపి మూడు రోజులైంది. నిరుడు మరమ్మతు చేసిన ఇరుకు వంతెన భద్రంగా ఉందో లేదో తేల్చమని ఆమెను పంపారు. మరమ్మతు చేసిన కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు తేనె పూసిన కత్తిలా వాళ్ళ చుట్టే తిరిగాడు. తన షెడ్డు నుంచి వైరు లాగించి కరెంటు కూడా ఇచ్చాడు.

మూడో రోజు పొద్దున వంతెన ఆకారం తెర మీద తేలింది. అక్క తెర మీదికి వంగి చూసింది. మూడో స్తంభం నిరుటి కొలత కన్నా బెత్తెడు ఒరిగి ఉంది.

"ఇది ఎవరికైనా పంపారా మేడమ్?"

ఉలిక్కిపడి తిరిగింది. సూపర్‌వైజరు వ్యాను తలుపు పట్టుకుని ఎప్పటి నుంచి నిలబడ్డాడో!

"లేదండీ. ఇక్కడ సిగ్నలే లేదుగా."

"మంచిదైంది," అన్నాడు. పోతూ పోతూ వైరు వంక ఒకసారి చూశాడు.

పావుగంట కాలేదు. వ్యానులో బల్బు కళ్ళు చెదిరేలా వెలిగింది. ఫ్యాను పిచ్చెత్తినట్టు తిరిగింది. నత్త ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేశాడు. స్టెబిలైజరు లోంచి కమురు వాసన లేచింది. తెర నల్లబడింది.

"కావాలనే కరెంటు ఎక్కువ వదిలాడక్కా!"

"తెలుస్తూనే ఉంది. బండి తియ్యి, సిగ్నల్ దొరికే చోటికి పోదాం."

డిస్కు ఒళ్ళోకి చేరింది, బండి వెనక్కి తిరిగింది. అప్పుడే ఎదురుగా, కిక్కిరిసిన బస్సు వంతెన వైపు వెళ్తూ వాళ్ళను దాటింది.

"తిప్పరా! దానికన్నా ముందు వంతెన దగ్గరికి పోవాలి!"

"కంప్యూటర్ ముక్కలవుతుందే!"

"అయితే అవనీ!"

ఆమె వెనక్కి దూకి కంప్యూటర్‌ను రెండు చేతులా వాటేసుకుంది. గుంతల మీద వ్యాను ఎగిరెగిరి పడింది. బస్సును దాటి, వంతెన మొదట్లో అడ్డంగా ఆగింది.

బస్సు డ్రైవరు మండిపడుతూ దిగాడు. "మతి పోయిందా? నలభై మంది ఉన్నారు బండిలో!"

"అందుకే ఆపాను అన్నా. ఒక్క నిమిషం ఇది చూడు."

డిస్కు బిగించి, ఇన్వర్టరుతో వ్యాను బ్యాటరీ కరెంటు ఇచ్చి మీట నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. అవతల సూపర్‌వైజరు నలుగురిని వెంటేసుకుని వస్తున్నాడు. "ఆవిడకు పిచ్చి! లాగి పడెయ్యండి!" కంప్యూటర్ పక్క మూత తీసి చూస్తే ఒక వైరు ఊడి వేలాడుతోంది. గబగబా గుచ్చి మళ్ళీ నొక్కింది. లోపల ఫ్యాను గుయ్యిమంది.

నిరుటి వంతెన, ఇవాళ్టి వంతెన పక్కపక్కన కనబడ్డాయి. డ్రైవరు ముఖం తుడుచుకున్నాడు.

"మూడోది కదూ? నిన్న అక్కడే స్టీరింగు ఒక పక్కకు లాగింది. నా చేతుల్లోనే తేడా అనుకున్నాను."

మరి ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ప్రయాణికులు దిగి వ్యాను చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. వచ్చిన నలుగురూ వెనక్కి తగ్గారు. కండక్టరు ఎర్ర తువ్వాలు ఊపుకుంటూ, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని, అటు నుంచి వచ్చే బండ్లను ఆపడానికి అవతలి గట్టుకు పరిగెత్తాడు. డ్రైవరు ఖాళీ బస్సును వెనక్కి నడిపి, సిగ్నల్ దొరికిన చోట నుంచి ఫోన్లు చేశాడు. సాయంత్రానికి పెద్ద ఇంజనీరు వచ్చి వంతెన మూయించాడు.

వంతెన మూసిన తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం మూడో స్తంభం నదిలో కూర్చుండిపోయింది. వంతెన మీద పిట్ట కూడా లేదు.

సూపర్‌వైజరు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం అక్కకు కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు మాత్రం పాతదే.

"తర్వాత ఏ వంతెన మేడమ్?"