అలారం మోగినా ఆపకండి

ఎలియాస్ డిజైన్ చేసిన మిషను స్పెయిన్ చేరింది. ఎలియాస్ మాత్రం జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో, తన ఫ్లాటులోనే ఉండిపోయాడు. అది 2021 ఫిబ్రవరి. బేరింగు రింగుల్ని నునుపు చేసే ఆ మిషను సరగోసాలోని ఒక ఫ్యాక్టరీలో బిగించి సిద్ధంగా ఉంది. మామూలు రోజులైతే తనే వెళ్లి నడిపించి వచ్చేవాడు. కరోనా వల్ల ఆ దారి మూసుకుపోయింది. ఇక్కడినుంచి వీడియోలో చెబుతుంటే అక్కడివాళ్లు నడపాలి.

దుబాసీని పెట్టనా అని మేనేజరు అడిగితే, "అక్కర్లేదు, నేనే స్పానిష్‌లో చెబుతాను" అనేశాడు. మొదటి లాక్‌డౌన్‌లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ క్లాసులు అతనికి ఆ భాష పిచ్చి పట్టించాయి. ఒక్క సబ్జంక్టివ్ అనే క్రియారూపం దగ్గరే బండి ఆగేది. క్రియ చివర ఒక్క అచ్చు మారుతుంది. ఎప్పుడు మార్చాలో మాత్రం అంతుపట్టేది కాదు. "కోరిక, అనుమానం, ఇంకా జరగని సంగతి" అని టీచరు చెప్పేది. వింటున్నప్పుడు అర్థమైనట్టే ఉండేది, నోరు తెరిచేసరికి మాయమయ్యేది.

గురువారం పొద్దున పని మొదలైంది. అవతల తెరమీద మాస్కుతో మరిబెల్, ఆ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ ఇంజినీరు. ఆమె వెనక ఇద్దరు ఆపరేటర్లు. మిషను వేగం అందుకునేటప్పుడు ఆయిల్ ప్రెషర్ చాలక అలారం మోగవచ్చు, కంగారుపడి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆ మాటే చెబుదామని ఎలియాస్ ధీమాగా అన్నాడు:

"ఆవున్కే సువేనా లా అలార్మా, నో పారే."

మరిబెల్ ఉలిక్కిపడింది. "మోగుతోందా? ఎక్కడ?" అంటూ అటూ ఇటూ చూసింది. ఒక ఆపరేటరు మిషను వెనక్కి పరుగెత్తాడు. రెండోవాడు స్విచ్చి ఆపేశాడు.

"లేదు లేదు, మోగట్లేదు! మోగితే అంటున్నా!" అని ఎలియాస్ చేతులూపాడు.

మరిబెల్ పకపకా నవ్వింది. "అయితే సువేనా కాదు, సువేనే! మీరు సువేనా అంటే నాకు అది అప్పుడే మోగుతున్నట్టు." భోజనాలయ్యాక మళ్లీ మొదలుపెడదామంది.

ఎలియాస్ వంటింట్లోకి వచ్చాడు. భార్య సహానా చేపల పులుసు దించుతోంది. జరిగింది చెప్పాడు.

"అదేంటండీ, అంత తేడా వస్తాదా ఒక్క అక్షరానికి?" అంది.

"వచ్చింది కదా! 'ఆపకండి' అనే చెప్పాను."

"ఎలా చెప్పారు? మన తెలుగులో చెప్పండి."

"అలారం మోగుతున్నా ఆపకండి."

సహానా గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఇదిగో, మీరే అన్నారు! మోగుతున్నా అంటే ఇప్పుడు మోగుతున్నట్టేగా. మీరు చెప్పాల్సింది 'మోగినా ఆపకండి' అని కదండీ!"

ఎలియాస్ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "మోగుతున్నా, సువేనా. మోగినా, సువేనే! సహానా, ఈ తేడా నాకు చిన్నప్పటినుంచీ తెలుసే!"

"తెలీకపోతే కాకినాడలో ఎలా బతికారు మరి?"

అతని ధ్యాస అన్నం మీద లేదు. పళ్లెం ముందు కూర్చుని ఒక్కో వాక్యం తిప్పిచూశాడు. పచ్చ లైటు వెలిగినప్పుడల్లా అయితే 'ఎన్సియెండే'. ఇంకా వెలగలేదు, వెలిగాక అయితే 'ఎన్సియెండా'. ప్రతి వాక్యానికీ తెలుగు ఇలా దారి చూపదని అతనికి తెలుసు. అయినా ఒక తలుపు తెరుచుకుంది, చాలు.

"తినండి ముందు, చల్లారిపోతాది," అంది సహానా. ఆవిడకీ నవ్వాగడం లేదు.

మధ్యాహ్నం మిషను మళ్లీ కదిలింది. "ఆవున్కే సువేనే లా అలార్మా, నో పారే," అన్నాడు ఎలియాస్. మరిబెల్ తలూపింది. కాసేపటికి నిజంగానే అలారం గీపెట్టింది. ఒక్కరూ చెయ్యి కదపలేదు. మరిబెల్ గేజీవైపే చూస్తోంది. ముల్లు వణికింది, పైకి లేచింది, అలారం ఆగింది.

"పచ్చ లైటు వెలిగాక రింగు పెట్టండి," అన్నాడు స్పానిష్‌లో, 'ఎన్సియెండా'ను ఒత్తి పలుకుతూ. లైటు వెలిగింది. మిషను కూనిరాగం తీసింది. మరిబెల్ మొదటి రింగు తీసి కెమెరా ముందు తిప్పింది. అద్దంలా ఉంది.

ఎలియాస్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీ! సరగోసాలో ఒకటే నవ్వులు. అదేమిటని మరిబెల్ అడిగింది. లుంగీకి స్పానిష్ మాట అతనికి తెలీదు.

"క్వాండో వాయా, సె లో ఎన్సేన్యో," అనేశాడు. నేనొచ్చాక చూపిస్తానని.

అన్నాక గుర్తించాడు. ఈసారి క్రియ దానంతటదే 'వాయా'గా మారింది. ఆలోచించనేలేదు.