వస్తానన్న మాట

కూతురు బట్టలు పిండుతుండగా గూట్లో ఫోను మోగింది. అది చనిపోయిన అమ్మ ఫోను. నెలలు గడిచినా రోజూ దానికి చార్జింగు పెడుతూనే ఉంది.

‘గుండీ, తిన్నావా?’ అని మెసేజ్ వచ్చింది. తడి చేతులు తుడుచుకుని, ‘తిన్నానే కత్తెరా’ అని కొట్టింది.

కుట్టు కార్ఖానాలో అమ్మ గుండీలు కుట్టేది, అమ్మ స్నేహితురాలు, కూతురు పిన్ని అని పిలిచే ఆవిడ, గుడ్డ కత్తిరించేది. ఊళ్లు మారినా ఆ పిలుపులు మారలేదు. అమ్మ పోయిన మర్నాడు ఇదే ప్రశ్న వస్తే, నిజం చెప్పడానికి చెయ్యి రాక ‘తిన్నాను’ అని పెట్టింది. తర్వాత అదే అలవాటైపోయింది; పిన్ని ఫోను చేసినా ఎత్తక మెసేజే పెట్టేది. ఫోనులో అమ్మ పేరు కదులుతుంటే ఇంట్లో అమ్మ తిరుగుతున్నట్టే ఉండేది.

మొన్నామధ్య పిన్ని, ‘ఆపరేషనంట. భయంగా ఉందే’ అని రాసింది. ‘వస్తాలే, ధైర్యంగా ఉండు’ అని పెట్టింది కూతురు. ఆపరేషను రోజు వచ్చాక జ్వరమని సర్దింది.

బట్టలు ఆరేసి వచ్చేసరికి ఎవరో తలుపు తట్టారు. కర్ర ఊతంతో పిన్ని!

“ఏమే పిల్లా, ఎక్కడే మీ అమ్మ? ఇప్పుడేగా తిన్నానంది! నన్ను చూసి మంచం కింద దూరిందా?”

నాన్న కంగారుగా లేచాడు. “అదేంటమ్మా, తను పోయి ఎన్నాళ్లైంది! నీకు కబురు పెట్టమని దీనికే చెప్పాను.”

పిన్ని నవ్వు ఆగిపోయింది. తన ఫోను ఆయన ముందు పెట్టింది.

“మరి ఇవన్నీ ఎవరు రాశారు బావగారూ?”

నాన్న చదివి, కూతురి వంక చూశాడు.

“అమ్మ ఉన్నట్టుంటుందని...” ఆమె తలెత్తలేకపోయింది.

“ఆపరేషను బల్ల మీదికి ఎక్కించేదాకా తలుపు వంకే చూశానే,” అంది పిన్ని. “రాలేదని దాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. లేనిదాన్ని పట్టుకుని తిట్టుకున్నాను!”

కూతురికి ఉన్నచోటే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అమ్మ ఏనాడూ మాట తప్పలేదు. పోయాక అమ్మ చేత మాట తప్పించింది తనే.

మనలో ఎందరి ఇళ్లలో పోయినవాళ్ల పేర్లు ఇలా ఫోనుల్లో మిగిలి లేవు? వాటికి జవాబుదారు ఎవరని ఎవరం అడిగాం?

“ఫోను మన చేతికొచ్చిందని వాళ్ల నోరు కూడా మనదైపోదమ్మా,” అన్నాడు నాన్న. “పోయారని నలుగురికీ చెప్పి, ఆ పేరును అక్కడితో ఆపాలి. నీ దుఃఖం నువ్వు చల్లార్చుకుంటూ, ఈమెను ఏడవనైనా ఏడవనివ్వలేదు.”

“తప్పైపోయింది పిన్నీ,” అని కూతురు చెయ్యి పట్టుకోబోయింది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. కర్ర అందుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగి వెళ్లిపోయింది.