మరగబెట్టిన నీళ్ళు

"మీటింగూ నేదు, గీటింగూ నేదు. ఎల్లిపో."

తలుపు మొహం మీదే పడింది. పొద్దున్నుంచి నీలవేణికి ఇది తొమ్మిదో ఇల్లు. మొదటి ఇంటి ముసలమ్మ చెవుడు నటించింది. ఆరో ఇంటి కోడలైతే గుమ్మంలోనే నిలబడి, "ఈసారి ఏటి తాగమంటావు, ఎండ్రినా?" అని అడిగి లోపలికి పోయింది. ముప్పై ఏడు గడపలున్న ఊటగొందిలో మొన్నమొన్నటి దాకా ఆమె కాలు పెట్టని ఇల్లు లేదు, ఆమె చెయ్యి పడని పురుడు లేదు. ఇప్పుడు ఆమె మందుల సంచీ కనబడితే తల్లులు పిల్లలను లోపలికి లాక్కుంటున్నారు.

పదకొండింటికి హుకుంపేట నుంచి నీళ్ళ ఇంజనీరు జీపు వస్తుంది. ఆ లోపల జనాన్ని బోరింగు దగ్గర కూర్చోబెట్టాలి. నెలకు నాలుగు వందలిచ్చే ఆరోగ్య కార్యకర్త ఉద్యోగంలో మందులివ్వడం కంటే మనుషులను పోగెయ్యడమే పెద్ద పని. పోగెయ్యకపోతే ఆ నాలుగు వందలు ఎవరికిస్తారో సర్పంచి యర్రయ్య నిన్ననే నవ్వుతూ చెప్పి వెళ్ళాడు.

పదో ఇల్లు తమ్ముడు సుక్రుది. తమ్ముడు కాఫీ తోటల పనికి చింతపల్లి వైపు పోయి నెలయింది. గుమ్మంలో మరదలు గంగ కూర్చుని కూతురు గాయత్రి మోకాళ్ళకు ఇప్పనూనె రాస్తోంది. పిల్లకు ఏడేళ్ళు. నిలబడితే మోకాళ్ళు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, పాదాలు మాత్రం చెరో దిక్కుకి పోతాయి. లోపల పొయ్యి మీద నీళ్ళ కుండ కుతకుతలాడుతోంది.

"వస్తావా గంగా, మీటింగుకి?"

గంగ తలెత్తలేదు. "మందేటైనా ఇత్తారా?"

"ఏటో మరి. వస్తే తెలుస్తాది."

"వస్తానులే. నువ్వు సెప్పినప్పుడు నాను రాకుండా ఉన్నానా ఎప్పుడైనా?"

తిట్టి ఉంటే బాగుండేది. నీలవేణి లోపలి కుండ వంక చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడి, పదకొండో ఇంటికి నడిచింది.

ఆ కుండ సంగతి చెప్పాలంటే ఆరేళ్ళు వెనక్కి పోవాలి. తొంభై ఎనిమిదో సంవత్సరం వానల్లో ఊళ్ళో వాంతులు, విరేచనాలు పట్టుకుని తొమ్మిది మంది పోయారు. అందులో నీలవేణి కొడుకు కూడా ఉన్నాడు. అప్పటిదాకా ఊరంతా తాగింది కొండ మీది ఊట నీళ్ళే. తొమ్మిది శవాలు లేచాక ప్రభుత్వానికి ఊరి పేరు తెలిసింది, బోరింగు దిగింది. కానీ ఆ నీళ్ళు ఎవరికి నచ్చాయి? చప్పగా ఉన్నాయన్నారు, అంబలి కుదరడం లేదన్నారు. అప్పుడే కార్యకర్తగా చేరిన నీలవేణి కొడుకు పోయిన కసితో ఇల్లిల్లూ తిరిగింది. గెడ్డలో పారే నీళ్ళు, ఊట నీళ్ళు ముట్టుకోవద్దంది. బోరు నీళ్ళే తాగమంది, అవైనా మరగబెట్టి తాగమంది. బతిమాలింది, తిట్టింది, కుండలు తన్నింది. మరుసటి ఏడాది వానలకు ఒక్కరూ పోలేదు. ఆమె గర్వపడింది, ఆ గర్వానికి హక్కుంది కూడా.

ఆమె మాట అందరికంటే బాగా విన్నది గంగ. మిగతావాళ్ళు ఒకరోజు మరగబెట్టి రెండురోజులు మానేసేవారు. గంగ ఇంట్లో పొయ్యి మీద కుండ దిగేదే కాదు. పొద్దున్న పెడితే చీకటి పడేదాకా మరుగుతూనే ఉండేది, తగ్గినకొద్దీ బోరు నీళ్ళు పోస్తూనే ఉండేది. గాయత్రి పాలు మానినప్పటి నుంచీ తాగింది ఆ కుండలోవే. కార్యకర్తల మీటింగులో నీలవేణి ఎన్నోసార్లు మరదలి గురించి గొప్పగా చెప్పింది.

తరువాత పిల్లలకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చాయి. చుట్ట తాగే ముసలాళ్ళకుండే పళ్ళు ఏడెనిమిదేళ్ళ పిల్లల నోళ్ళలో మొలిచాయి. పెద్దవాళ్ళకు నడుములు వంగడం మానేశాయి. గాయత్రి కాళ్ళు అలా అయ్యాయి. మిషను బడిలో పాఠం చెప్పే రాబిన్ మాస్టారు బోరు నీళ్ళొక సీసా, ఊట నీళ్ళొక సీసా పట్టుకుని విశాఖపట్నం పోయి పరీక్ష చేయించాడు. ఫ్లోరైడట. బోరులో లీటరుకు నాలుగున్నర మిల్లీగ్రాములు. ఒకటిన్నర దాటితేనే తాగకూడదు. ఊటలో అర మిల్లీగ్రాము కూడా లేదు. ఆ కబురు రెండురోజుల్లో ఊరంతా పాకింది, తలుపులు మూసుకున్నాయి.

అంతవరకూ ఊరికి తెలుసు. ఊరికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఆదివారం ప్రార్థన అయిపోయాక రాబిన్ మాస్టారు నీలవేణిని గుడి పక్కకి పిలిచి చెప్పాడు. "అక్కా, మరగబెడితే ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరైపోతాయి, అది కుండలోనే ఉండిపోతుంది. మరిగినకొద్దీ చిక్కబడుతుంది. ఊట నీళ్ళు మరగబెట్టి తాగితే సరిపోయేది మీకు." మాస్టారు మంచివాడు, ఆమెను నిందించాలని అనలేదు. ఆమెకు మాత్రం గంగ పొయ్యి కళ్ళ ముందు కనబడింది.

నాలుగు రోజులుగా ఆమె ఆ మాటను ఎవరికీ చెప్పలేదు. చదువుకున్న ఇంజనీరు వస్తున్నాడు కదా, ఆయనే చెబుతాడులే అనుకుంది. ఎవరు చెప్పినా ఒకటే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. నిజం ఏమిటంటే ఆమెకు గంగ అంటే భయం వేసింది.

జీపు పన్నెండున్నరకి వచ్చింది. ఇంజనీరుకి కుర్చీ, సర్పంచికి కుర్చీ, జనానికి నేల. జీపులో ఆయన నీళ్ళ సీసా ఆయనకుంది. అది ఎవరికీ తప్పుగా అనిపించలేదు, ఆఫీసర్లందరికీ ఉంటుంది.

యర్రయ్య రిజిస్టరు తెరిచి తీర్మానం చదివాడు. బోరు నీరు గ్రామస్థులకు తృప్తికరంగా ఉన్నదట. అందుచేత ఊట నీటి అవసరం గ్రామానికి లేదట. ఊట ఉన్న నేల చెక్క యర్రయ్య పేరున ఉంది. డబ్బు మాత్రం విశాఖపట్నంలోని ఒక ఆసామిది. కొండవాళ్ళ భూమి బయటివాళ్ళు కొనకూడదని చట్టం ఉంది కనుక యర్రయ్య పేరు అవసరమైంది. బొర్రా గుహలు చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం అక్కడ ఎనిమిది కాటేజీలు లేస్తున్నాయి. వాళ్ళకి ఊట నీళ్ళు కావాలి. ఊట చుట్టూ కంచె అప్పుడే వేసేశారు, ఇక కావలసింది వేలిముద్రలే.

"ఫ్లోరైడ్ అంటే విషం కాదమ్మా," అన్నాడు ఇంజనీరు చల్లగా. "పళ్ళు తోముకునే పేస్టులో ఉంటుంది. అమెరికాలో గవర్నమెంటే మంచినీళ్ళలో కలుపుతుంది, పిల్లల పళ్ళు పుచ్చకుండా. వాళ్ళు డబ్బు పెట్టి కలుపుకునేది మీకు భూమిలోంచి ఉచితంగా వస్తోంది."

"వాళ్ళు కలిపేది ఒక మిల్లీగ్రాము సార్. ఇక్కడ నాలుగున్నర ఉంది," అన్నాడు రాబిన్ వెనకనుంచి. "కూరకి ఉప్పు మంచిదని పిడికిళ్ళతో పోసుకోం కదా."

"మీరేం చెబుతారు మాస్టారూ బళ్ళో? బైబిలా?"

"లెక్కలు సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజనీరు మొహం ముడుచుకుంది. "ఆ చీటీ ప్రైవేటు ల్యాబుది. దానికి విలువ లేదు. మా శాంపిల్ మేం తీస్తాం, రిపోర్టు వస్తుంది."

"వచ్చాకే తీర్మానం పెట్టొచ్చు కదండీ?"

"మాస్టారూ, ఇది నీ ఊరు కాదు. కూకో," అన్నాడు యర్రయ్య.

అప్పుడు గాసి లేచాడు. పొద్దున్నే జీలుగు కల్లు పట్టించే మనిషి, ఊళ్ళో ఎవరి మాటా విననివాడు. కొడుకును జబ్బపట్టి ముందుకు లాక్కొచ్చి దవడలు నొక్కి నోరు తెరిపించాడు. పళ్ళు తెల్లగా, వరసగా ఉన్నాయి.

"సూడండి బాబూ. ఈడు బోరు నీళ్ళు తాగడు. మా ఇంట్లో ఎవులమూ తాగం. రాత్రేళ కంచె దూకైనా ఊటవే తెచ్చుకుంటాం. ఏటి నీలేణీ, జనంలో నిలబెట్టి తిట్టినావు నన్ను, పిల్లల్ని సంపీస్తన్నానని. ఇప్పుడు సూడు. నీ మాట ఇన్న ఆ గంగ కూతుర్ని లెగమను, నా గుంటడితో పరుగెట్టమను!"

"కూకో రా తాగుబోతు ఎదవా!" అని ఎవరో అరిచారు. ఇంకెవరో, "ఆడన్నదాంట్లో తప్పేటుంది?" అన్నారు. ఒక ఆడమనిషి నీలవేణి వైపు తిరిగి మట్టి విసిరింది. బోరింగు చుట్టూ గోల లేచింది. గాయత్రి తల్లి కొంగు కింద కాళ్ళు దాచుకుంది.

ఇంజనీరు లేచి చేతులూపాడు. "ఆగండి, ఆగండి! అంత భయంగా ఉంటే ఒక పని చెయ్యండి. బాగా మరగబెట్టి తాగండి. ఇరవై నిమిషాలు మరిగిస్తే ఏమున్నా పోతుంది. ఏమ్మా నీలవేణీ, మీ మాటల్లో చెప్పు వీళ్ళకి. చెప్పాక వేలిముద్రలు తీసుకుందాం."

మరగబెట్టి అన్న మాట వినగానే గంగ తల ఊపింది. ఆమెకు బాగా తెలిసిన పని అది. పిల్ల వీపు నిమురుతూ, ఇంకా ఎక్కువసేపు మరగబెట్టాలి కాబోలు అన్నట్టు వదిన వంక చూసింది.

నీలవేణి లేచి నిలబడింది. ఆయనకు తెలియదని ఆమెకు అర్థమైంది. లేదా తెలిసినా ఆయనకు పట్టదు. ఎలాగైనా ఇక ఆయన చెప్పేది లేదు, చెబితే తనే చెప్పాలి.

"మరగెట్టొద్దు," అంది.

"ఏటి?" అన్నాడు యర్రయ్య.

"బోరు నీళ్ళు మరగెట్టొద్దు. మరగెడితే పురుగు సస్తాది. ఇది సావదు. నీరు ఆవిరైపోద్ది, ఇది కుండలోనే ఉండిపోద్ది. ఎంత మరిగితే అంత సిక్కనైపోద్ది. ఎవులు ఎక్కువ మరగెట్టినారో ఆళ్ళ పిల్లలకే ఎక్కువ పట్టినాది." ఆమె గంగ వైపు తిరిగింది. "నానే సెప్పినాను మీకు. అప్పుడు తెల్లేక సెప్పినాను. ఇప్పుడు తెలిసీ అదే మాట సెప్పలేను. ఆ ఊట నీళ్ళు తెచ్చుకుని మరగెట్టుకుని ఉంటే బాగుండేది మనకి."

గాసి కొడుకు జబ్బ వదిలేశాడు.

"నువ్వేం డాక్టరువా?" అని ఇంజనీరు కసిరాడు. "రేపట్నుంచి ఆ సంచీ ఇంకొకరి భుజాన ఉంటుంది, తెలుసా?"

యర్రయ్య రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు. "ఉద్యోగం ఉండాలంటే ముందు నువ్వు సంతకం ఎట్టు. సదువొచ్చినదానివి నువ్వెడితే అందరూ ఎడతారు."

"ఎట్టను."

"ఆలోచించుకో."

"ఆలోసించినాను. ఎట్టను." సంచీ భుజం మీంచి తీసి కుర్చీ పక్కన నేల మీద పెట్టేసింది.

అప్పుడు జనంలోంచి గంగ లేచి వచ్చింది, పిల్లను చంకనేసుకుని. నీలవేణి ఎదురుగా నిలబడింది. అరవలేదు.

"ఒదినా, నీకెప్పుడు తెలిసినాది?"

నీలవేణి అబద్ధం చెప్పొచ్చు. ఇవాళే, ఇప్పుడే అంటే ఎవరికీ తెలియదు. రాబిన్ తల దించుకున్నాడు.

"ఆదోరం."

"ఇయ్యాల ఏ వారం?"

"నచ్చివారం."

గంగ ఆదివారం నుంచి గురువారం దాకా వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "నాలుగు రోజులు. నాలుగు రోజులూ మరగెట్టి పోసినాను దీనికి. పొద్దున్న కూడా పోసినాను. నువ్వు మా గుమ్మంలో నిలబడినావు, కుండ మరుగుతుంది, సూసినావు. సెప్పలేదు."

"గంగా..."

"ఇంక మాటాడకు. తిరుగు."

కొడుతుందనుకుని నీలవేణి తిరిగింది. గంగ పిల్లను ఎత్తి ఆమె వీపు మీద వేసింది. గాయత్రి చేతులు మెడ చుట్టూ బిగుసుకున్నాయి. వంకర కాళ్ళు నడుము దగ్గర పట్టు దొరక్క జారుతుంటే నీలవేణి చేతులు వెనక్కి పెట్టి పట్టుకుంది.

"ఊట కాడికి నడు. దీన్ని నువ్వే మొయ్యి. నీళ్ళు తాగాలి ఇది."

కొండ దారి నిట్టనిలువుగా ఉంటుంది. నీలవేణి నడుస్తోంది, వెనక గంగ బోరింగు దగ్గరి ఖాళీ బిందె పట్టుకుని వస్తోంది, సాయం పట్టలేదు. కింద ఇంజనీరు ఎవరిమీదో అరుస్తున్నాడు. కొంతదూరం పోయాక వెనక ఇంకొన్ని బిందెల చప్పుడు వినబడింది. అవి తనవెంట వస్తున్నాయో తనను తరుముతూ వస్తున్నాయో నీలవేణికి తెలియలేదు, తిరిగి చూసే ధైర్యమూ లేదు. ఆయాసానికి గుండె నొప్పెడుతోంది. ఏడేళ్ళ పిల్ల ఇంత బరువుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కంచె గేటుకి తాళం ఉంది. లోపల ఊట గలగలా పారి కొత్త గొట్టంలోకి పోతోంది. వాచ్‌మన్ కర్ర పుచ్చుకుని లేచాడు. అవతలి ఊరి కుర్రాడే, రోజుకి యాభై రూపాయల కూలి మీద వచ్చాడు.

"ఎనక్కి పొండి. సర్పంచిగారి ఆర్డరు ఉండాల."

నీలవేణి పిల్లను దించలేదు. ఊపిరి కూడదీసుకుని ఒక అడుగు ముందుకు వేసి, గేటుకి ఆనుకుని నిలబడింది.

"తియ్యి," అంది.