ఆపిన చప్పుడు

లింగాల ఘనపూర్‌లో మిలిటరీ క్యాంపు పెట్టిన ఏడాదే మా ఇంట్లోకి బ్యాటరీ రేడియో వచ్చింది. సాయంత్రం దీపం పెట్టి భజన వినడం నా అలవాటు. క్యాంపులో వైర్‌లెస్ మొదలైతే మాత్రం రేడియో నిండా గీ గీ మని రొద. దేవుని పేరు ఒక్కటీ వినపడేది కాదు.

మా ఒక్కగానొక్క కొడుకు పేరు కొమురెల్లి. సర్కారు మీద పోరాడే దళంలో చేరాడు. ఎప్పుడొస్తాడో, ఎక్కడ తింటాడో నా భార్య వీరమ్మ నాకు చెప్పేది కాదు. అబద్ధమాడనని మల్లన్న దేవుని ముందు ఒట్టు పెట్టుకున్నవాణ్ణి.

"పోలీసోళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తవు. నువ్వు భజన ఇనుకో" అనేది.

జనగామలో రేడియోలు బాగుచేసే యాకయ్యకు నా బాధ చెప్పాను. అతను రాగితీగ చుట్టి, తిప్పే బిళ్ల ఒకటి పెట్టి, చిన్న పెట్టె తయారుచేశాడు.

"గిది ఏరియల్ తీగకు కట్టు బాపు. రొద వచ్చినప్పుడు మెల్లగ తిప్పు. ఒక్కతాన ఆ రొద ఒక్కటే ఆగుతది, పాట ఉంటది."

"పాట గూడ పోతే?"

"నా దగ్గరికే రా. మల్లన్నకు రిపేరు రాదు."

మర్నాడు సాయంత్రం వీరమ్మ నీళ్లకు పోయినప్పుడు రొద మొదలైంది. బిళ్ల తిప్పాను. ఒక్కచోట రొద తెగిపోయి భజన తేటగా వచ్చింది. నా కళ్లు తడిశాయి. పెట్టెను రేడియో వెనక దాచాను, ఆమెను ఆశ్చర్యపరుద్దామని.

వీరమ్మ బిందె దించి గడపలో నిలబడి విన్నది.

"ఇయ్యాల సప్పుడు లేదేంది?"

"దేవుడు దయ తలచిండు" అన్నాను నవ్వుతూ.

ఆమె జొన్నరొట్టెలు మూటగట్టుకుని చేను వైపు పోయింది. భజన ముగియకముందే తుపాకులు పేలాయి.

కొమురెల్లిని కాల్చేసిన మూడోనాడు ఆమె చెప్పింది.

"రొద ఎక్కువసేపు వస్తే క్యాంపు లారీలు బయలెల్లుతయి. నేను ఎర్రచీర ఇంటి కప్పు మీద ఆరేస్త. వాడు చేన్ల నుంచి చూసి మళ్లుకుంటడు. ఆ దినం సప్పుడు లేదని చీర ఆరెయ్యలే."

నేను లేచి రేడియో వెనక నుంచి పెట్టె తీసి ఆమె ముందు పెట్టి, బిళ్ల తిప్పితే రొద ఆగుతుందని చెప్పాను. చాలాసేపు దాన్నే చూసింది.

దేవుడు దయ తలచిండని ఆ సాయంత్రం నేనన్న మాట అబద్ధమో కాదో నాకు తెలియదు. రోజూ దీపం పెట్టినప్పుడు మల్లన్ననే అడుగుతాను.

ఇప్పుడు రేడియోకు ఆ పెట్టె లేదు. భజనలోకి మళ్లీ రొద వస్తుంది. అది మొదలు కాగానే వీరమ్మ చేతిలో పని వదిలి లేస్తుంది. ఎర్రచీర తీసుకుపోయి కప్పు మీద ఆరేస్తుంది. గాలికి జారకుండా నేను నిచ్చెన ఎక్కి దాని కొంగు మీద రాయి పెడతాను.