మైనం రాసిన తీగ

మా షాపు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. మోటార్లకు రాగితీగ చుట్టడం మా పని. సామ్యేలన్న చుడతాడు, నేను ఆ చుట్లు విడిపోకుండా దారం కడతాను, ఓనరు కనకరాజు మా ఇద్దరి మీదా అరుస్తాడు.

రాగితీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. చుట్టేటప్పుడు అది గీసుకుపోయిందా, మోటారు కాలిపోయినట్టే. అందుకే సామ్యేలన్న తీగకు కొవ్వొత్తి మైనం పట్టించి మోటారు గాడిలోకి దింపేవాడు. క్రిస్మస్‌కి లాలాపేట్ చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఆయన భార్య సారమ్మ ఏరి తెచ్చి, ఏడాది పొడుగునా వచ్చేలా దాచేది.

ఉప్పల్ నుంచి ఓ కూలర్ల కంపెనీ ఆర్డరు వచ్చినప్పుడు కనకరాజు ముందే చెప్పేశాడు.

"అన్నా, ఈ మాల్ పాసైతే చేతిపనే నడుస్తది. ఫెయిలైతే తీగ చుట్టే మిషన్ దెస్త. మల్ల నన్ను అనొద్దు."

తీగ కూడా కంపెనీయే పంపింది. ఎనామిల్ పైన జారుడు పూత ఇంకోటి ఉందట, మైనం అక్కర్లేదట.

"పూతను నమ్మి కూసుంటనా? గీసుకపోతె నా బతుకే పాయె నీరజా" అని సామ్యేలన్న ఎప్పటికన్నా ఎక్కువే మైనం పట్టించాడు. అంత నీటుగా చుట్టడం నేనెన్నడూ చూడలేదు.

మోటార్లన్నీ నల్లగా కాలి తిరిగొచ్చాయి. తీగల్ని కదలకుండా పట్టి ఉంచేది పైన పోసే వార్నిష్. అసలే జారుడు పూత, దానిమీద మైనం జిడ్డు, ఇక వార్నిష్ ఏం పడుతుంది? మోటారు తిరిగేకొద్దీ తీగలు ఒకదానికొకటి రాసుకుని పూతంతా ఊడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా!

కనకరాజు షెడ్డు ఎగిరిపోయేలా అరుస్తాడనుకున్నాను. నోరెత్తలేదు. నాకు అప్పుడే భయమేసింది.

"మైనం లేకుంట మల్ల చుడ్త సేటూ. ఒక్కసారి సూడు" అన్నాడు సామ్యేలన్న.

"ఆల్లు చేతిపనే వద్దన్నరన్నా. మిషన్‌కు ఆర్డర్ పెట్టిన. రేపే వస్తది."

"మరి నేను?"

కనకరాజు నేల చూపులు చూశాడు. "దాన్ని వెట్టనీకె జాగ లేదు. నీ టేబుల్ జర ఖాళీ చెయ్యి."

ఇన్నేళ్లు చేసిన మనిషి కదా, ఒక్క తిట్టయినా తిడతాడేమోనని చూశాను. తిట్టి ఉంటే నా కడుపుమంట కాస్త చల్లారేది. ఆయన టేబుల్ మీది సామాన్లన్నీ కింద పెట్టి, దాన్ని ఒక కొసన తను పట్టుకుని, బయట పెట్టడానికి రెండో కొస పట్టమని నన్ను పిలిచాడు.

వెళ్లి పట్టుకున్నాను.